సెట్టింగ్స్ ఫైల్ ఏ ఇంట్లో ఉంది?

హమద్ టౌన్‌లో ఎవరింటికైనా దారి అడిగితే ముందు రౌండెబౌట్ నంబరే చెబుతారు. మన పిల్లలు కోడింగ్ చేసే టెక్స్ట్ ఎడిటర్లకూ అలాంటి అడ్రసులున్నాయి. తెరవగానే అవి మన సెట్టింగ్స్ ఫైల్ కోసం కొన్ని చోట్ల వరసగా వెతుకుతాయి. కాంట్రాక్టు ముగిసి కంపెనీ ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేసే వాళ్లకు ఇది తెలియడం అవసరం. ఏళ్ల తరబడి కుదుర్చుకున్న తెలుగు ఫాంటు, షార్ట్‌కట్లు ఆ మిషన్‌తోనే పోతాయి మరి!

వెతుకులాట మొదలయ్యేది లాగిన్ అయినవారి హోమ్ ఫోల్డర్‌లో. అందుకే నాన్న అకౌంట్‌లో పెట్టిన సెట్టింగ్స్ అదే కంప్యూటర్లో అమ్మాయి అకౌంట్‌కు రావు. ఎడిటర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు.

1991లో వచ్చిన విమ్‌నే చూడండి. లినక్స్‌లో ముందు హోమ్ ఫోల్డర్‌లో 'డాట్ విమ్‌ఆర్‌సీ' ఉందేమో చూస్తుంది. లేకపోతేనే 'డాట్ విమ్' ఫోల్డర్ లోపలికి వెళ్తుంది. మొదటిచోట దొరికిందా, రెండో ఫైల్‌ను ముట్టుకోదు. కొత్త ఫైల్ ఎంత రాసినా మార్పు రావడం లేదంటే, పాతది ముందుచోట కూర్చుని ఉందేమో చూడాలి. పేరు చుక్కతో మొదలైతే మామూలు జాబితాలో కనబడదు కూడా. విండోస్‌లో ఈ పేరును అండర్‌స్కోర్‌తో మొదలుపెడతారు. అక్కడ నోట్‌ప్యాడ్ చివర 'డాట్ టీఎక్స్‌టీ' తగిలిస్తే పేరు మారిపోయి విమ్‌కు ఆ ఫైల్ దొరకదు. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఈమాక్స్ 2020లో, 27వ వెర్షన్ నుంచి, 'డాట్ కాన్ఫిగ్' ఫోల్డర్‌లోనూ చూస్తోంది. పాత 'డాట్ ఈమాక్స్ డాట్ డీ' ఫోల్డర్ ఉంటే మాత్రం దానికే పెద్దపీట.

వీఎస్ కోడ్ పద్ధతి వేరు. విండోస్‌లో యాప్‌డేటా, రోమింగ్, కోడ్, యూజర్ అనే ఫోల్డర్ల వరసలో 'సెట్టింగ్స్ డాట్ జేసన్' ఉంటుంది. యాప్‌డేటా దాగి ఉండే ఫోల్డర్ కాబట్టి ముందు హిడెన్ ఐటమ్స్ ఆన్ చేయండి. పక్కనే ఉన్న 'కీబైండింగ్స్ డాట్ జేసన్', స్నిప్పెట్స్ ఫోల్డర్ కూడా కాపీ చేసుకోండి. ఎక్స్‌టెన్షన్లు వేరేచోట, హోమ్ ఫోల్డర్‌లోని 'డాట్ వీఎస్‌కోడ్'లో ఉంటాయి. వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే సులువు.

ఏ ఫైల్ ఎక్కడుందో తెలియకపోతే ఎడిటర్‌నే అడగండి. విమ్‌లో కోలన్ కొట్టి వెర్షన్ అని టైప్ చేస్తే వెతికే చోట్లన్నీ చూపిస్తుంది. కాపీ చేసే ముందు ఆ ఫైళ్లలో ఆఫీసు పాస్‌వర్డులు, సర్వర్ వివరాలు ఏమైనా ఉంటే తీసేయండి.