మోదుగను ఎవరేమని పిలిచారు

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చే రోజుల్లో అడవిదారిన పోతుంటే, ఆకు రాలిన మోడుల మధ్య నిప్పంటుకున్నట్టు కనిపించే చెట్టు మోదుగ. ఇంగ్లిషువాళ్లకూ మంటే గుర్తొచ్చి ‘ఫ్లేమ్ ఆఫ్ ది ఫారెస్ట్’ అన్నారు. కాకపోతే మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయినీ కొన్నిచోట్ల ఆ పేరుతోనే పిలుస్తారు. దూరం నుంచి చూసి పెట్టిన పేరుతో వచ్చే చిక్కే ఇది.

దగ్గరికెళ్లి, రాలిన పువ్వొకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. కింది గిన్నె ముదురు గోధుమరంగులో మఖమలులా మెత్తగా తగులుతుంది. అందులోంచి వచ్చిన నారింజ రేకుల్లో రెండు కలిసిపోయి, కొడవలిలా వంగి మొనతేలి ఉంటాయి. అచ్చం చిలుక ముక్కు! ‘కిం శుకః’ అంటే ‘ఇది చిలుకా?’ అని. ఆ ప్రశ్నే కింశుకమన్న పేరైందని చెబుతారు. వాసన మాత్రం ఉండదు. అందుకే చదువులేని అందగాణ్ని పెద్దలు కింశుకంతో పోల్చారు. పువ్వుకు అది అన్యాయమే. ఇది పిలిచేది పిట్టలను. వాటికి వాసనకంటే రంగు ముఖ్యం. తేనెపిట్టలు, గోరింకలు తేనె తాగి, పుప్పొడి అంటించుకుని మరో చెట్టుకు ఎగిరిపోతాయి.

పలాశమన్న పేరు తీరు వేరు. సంస్కృతంలో ఆ మాటకు ఆకు అనే అర్థం కూడా ఉంది. ఇంత పూలచెట్టుకు ఆకు పేరేమిటంటారా? పువ్వు నాలుగు రోజుల ముచ్చట, ఆకుతోనే అసలు పని. కాడకు మూడేసి వెడల్పాటి ఆకులు. వాటిని పుల్లలతో గుచ్చి విస్తళ్లు కుట్టుకుంటాం. సామర్లకోటలో మొక్కలు పెంచి పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ వాడిన ‘బ్యూటియా ఫ్రాండోసా’కూ ఆకులు దండిగా ఉన్నదనే అర్థం. ఇప్పటి శాస్త్రీయనామం బ్యూటియా మోనోస్పెర్మా. మోనోస్పెర్మా అంటే ఒకే గింజది. పలచటి కాయ కొసన నిజంగా ఒక్క గింజే ఉంటుంది. బ్యూటియా మాత్రం 1762లో బ్రిటన్ ప్రధాని అయిన బ్యూట్ ప్రభువు పేరు. ఆయనకు మొక్కలంటే ప్రాణమే కానీ, ఆ మాటలో ఈ చెట్టు ఆనవాలు ఏదీ లేదు.

బెంగాల్లో ఈ చెట్ల పేరే ఊరికెక్కి పలాశీ అయింది. ఇంగ్లిషు నోట అదే ప్లాసీ, 1757 యుద్ధం జరిగిన చోటు.

హిందీవాళ్లు చెట్టును ఢాక్ అనీ, పువ్వును టేసు అనీ అంటారు. టేసు అనగానే వాళ్లకు హోలీయే. మన తెలంగాణ పల్లెల్లోనూ ఈ పూలతో హోలీ రంగు చేస్తారు. గంపెడు పూలు ఏరుకొచ్చి మరిగించి, రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి గంగాళం నిండా కాషాయపు నీళ్లు.