శివారుకు చేరని అన్నం

2024 సెప్టెంబరు మొదటి వారంలో బెజవాడలో అన్నానికి కరువు లేదు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. అంత వరద అక్కడ అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. హోటళ్లవాళ్లు, గుళ్లవాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వండి పంపారు. హెలికాప్టర్లు జారవిడిచాయి, డ్రోన్లు మోశాయి. అయినా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా వచ్చిన పొట్లాలు లోపలి వీధులకు వేళకు అందలేదు. ముందున్నవాళ్లకు రెండేసి, వెనకున్నవాళ్లకు ఎదురుచూపులు.

డెల్టా రైతుకు ఇది పాత సంగతే. 1855లో ఆనకట్ట కట్టినా, 1957లో బ్యారేజీ వచ్చినా, నీటి ఎద్దడి ఏడాది ముందు ఎండేది నాగాయలంక, కోడూరు శివారు చేలే. మిగిలిన అన్నం నడకా అంతే.

మామూలు రోజుల్లో అన్నం పొంగిపొర్లేది కల్యాణమండపాల్లో. మనకు భోజనం చాలకపోతే పరువు పోతుంది, మిగిలితే పోదు. అందుకే వంటల కాంట్రాక్టరు చెప్పిన లెక్క మీద ఇంకో యాభైమందిని కలుపుతాం. ముహూర్తం ఏ రాత్రి పదకొండుకో! ఆఖరి బంతి లేచాక ఎవరికో గుర్తొస్తుంది: ‘‘బాబూ, నాలుగు గిన్నెలు మిగిలాయి, తీసుకెళ్తారా?’’

అప్పటికి సాంబారు, కొబ్బరి పచ్చడి, పెరుగన్నం పని అయిపోతుంది. చింతపండు పులుపు, నూనె పుణ్యమా అని పులిహోర కాస్త నిలుస్తుంది. మాంసం బిర్యానీని మాత్రం నమ్మకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు పండగ చేసుకుంటాయి. ఎప్పుడు వండారు, గరిటె పడిందా అని అడగాలి, వాసన చూడాలి, అనుమానమొస్తే పారబోయాలి. పేదవాడి కడుపు మన పెంటకుప్ప కాదు. మిగిలిన ఆహారం సేకరణ, పంపిణీలపై కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2019లో నిబంధనలే తెచ్చింది.

ఈ పని మీద తిరిగేవాళ్లలో 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్‌హుడ్ ఆర్మీ ఒకటి. డబ్బు తీసుకోరు, అన్నమే అడుగుతారు. బెజవాడలోనూ ఆ కుర్రాళ్లున్నారు. బస్టాండు, రైల్వేస్టేషను, పెద్దాసుపత్రి ఆవరణ... ఆకలి ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. ఆసుపత్రిలో రోగికి భోజనం పెడతారు, వెంట వచ్చిన తల్లికి ఎవరు పెడతారు? కానీ అర్ధరాత్రి అన్నం వెళ్లేసరికి ఆవిడ నిద్రపోతుంటుంది.

వేళ తప్పని అన్నం విలువ అన్న క్యాంటీన్ చూపించింది. 2018 జులై 11న బెజవాడలోనే మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకుంది. పూటకు 5 రూపాయలు. మిగులు అన్నం ఆ భరోసా ఇవ్వలేదు. అది వృథాకు మందు, ఆకలికి కాదు.

అలాగని మండపాలనే ఆడిపోసుకోవద్దు. 2022లో ప్రపంచం పారేసిన 105 కోట్ల టన్నుల ఆహారంలో 60 శాతం ఇళ్లదేనని ఐక్యరాజ్యసమితి లెక్క.

మీ ఇంట పెళ్లి ఉంటే, వంటలకు అడ్వాన్సు ఇచ్చేరోజే రాబిన్‌హుడ్ కుర్రాళ్లకూ ఓ మాట చెప్పండి. మొదటి బంతులు చూసి, గరిటె పెట్టని గిన్నెల్ని వేడి మీదే, తొమ్మిదిలోపు పంపేయండి. పెళ్లికొడుకు మేనమామలు ఆలస్యంగా వచ్చినా వాళ్లకు సరిపడా ఉంటుంది లెండి!