యూవీ టార్చ్ వేస్తే నీళ్లలో ఫ్లోరైడ్ కనిపిస్తుందా?

ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట ఊళ్లలో బోరు నీళ్ల మాట వస్తే ఫ్లోరైడ్ మాట రాక మానదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది కూడా అప్పటి నెల్లూరు జిల్లాలోనే, 1937లో. మరి యూవీ టార్చ్ వేసి, గ్లాసులో నీళ్లు మెరిస్తే ఫ్లోరైడ్ ఉన్నట్టేనా?

కాదండీ. ఫ్లోరైడ్ వేరు, ఫ్లోరోసెన్స్ వేరు. ఫ్లోర్‌స్పార్ అనే రాయి మీద యూవీ పడితే నీలంగా వెలుగుతుంది. ఆ రాయి పేరు మీదే 1852లో స్టోక్స్ ఈ వెలుగుకి ఫ్లోరోసెన్స్ అని పేరు పెట్టాడు. కానీ ఆ వెలుగు సాధారణంగా రాయిలో కలిసిన వేరే మూలకాలది. నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్ అలా వెలగదు.

టార్చ్ సంగతి సరే, ల్యాబ్‌లో ఉండే ఖరీదైన ఫ్లోరోసెన్స్ మెషీన్ కూడా మనల్ని బోల్తా కొట్టిస్తుంది. ఎలాగో చూడండి.

ఒకటి: స్వచ్ఛమైన నీళ్లు పెట్టి 350 నానోమీటర్ల కాంతి వేసినా 397 దగ్గర చిన్న శిఖరం వస్తుంది. అది మురికి కాదు, నీటి అణువులే చెదరగొట్టిన కాంతి. దాన్ని రామన్ శిఖరం అంటారు. పట్టుకోవడం ఈజీ. 300 కాంతి వేయండి, శిఖరం 334 దగ్గరికి జరిగిపోతుంది. నిజమైన ఫ్లోరోసెన్స్ అయితే మామూలుగా ఉన్న చోటే ఉంటుంది.

రెండు: వేసిన 350 కాంతే మెషీన్ లోపలి గ్రేటింగ్ వల్ల 700 దగ్గర మళ్లీ కనిపిస్తుంది. దానికి ఫిల్టర్ పెట్టాలి.

మూడు: శాంపిల్ మరీ చిక్కగా ఉంటే కాంతిని అదే మింగేస్తుంది. పదార్థం ఎక్కువున్నా రీడింగ్ తక్కువ వస్తుంది. సగానికి పలచన చేసి చూడండి. రీడింగ్ కూడా సగం కాకపోతే అనుమానించాల్సిందే.

మరి ఫ్లోరైడ్‌ని ఎలా కొలుస్తారు? దానికి ప్రత్యేకమైన ఎలక్ట్రోడ్ ఉంది. అక్కడా ఓ తిరకాసుంది. నీళ్లలో అల్యూమినియం ఉంటే అది ఫ్లోరైడ్‌ని పట్టేసుకుంటుంది, రీడింగ్ తగ్గుతుంది. అందుకే ముందు బఫర్ ద్రావణం కలుపుతారు.

ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా అన్నది మన దేశపు ప్రమాణం. కాబట్టి టార్చ్ వెలుగు చూసి భయపడకండి, వెలగలేదని ధీమాగా తాగేయకండి. నీళ్లు ల్యాబ్‌లో ఇవ్వండి, రిపోర్టులో అంకె చూడండి, ఏ పద్ధతిలో కొలిచారో కూడా అడగండి. ఉంటానండీ.