కొత్త విద్య, కొత్త చోటు

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు చేసి పంచడం మన ఇళ్లలో ఇంకా నడుస్తున్న ఆనవాయితీ. ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఈ వేడుకల్లో వేటికీ నెల నిర్ణయం లేదు. అన్నప్రాశనకు ఆరో నెల అంటాం, పుట్టువెంట్రుకలకు బేసి నెల చూస్తాం. అరిసెలకు మాత్రం ముహూర్తం పెట్టేది బిడ్డే.

ఇప్పటి తల్లిదండ్రులకు ఆ నిబ్బరం తగ్గింది. ఈపాటికి బిడ్డకు ఏమేం రావాలో ఫోన్‌లోని యాప్ వారం వారం ఒక జాబితా పంపుతుంది. పక్కింటి పాప ఆరో నెలకే కూర్చుందట, మనవాడికి ఏడో నెల వచ్చినా ఇంకా వాలిపోతున్నాడేమిటని దిగులు. ఈ దిగులుకు మంచి విరుగుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన అధ్యయనం. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని క్రమం తప్పకుండా గమనించి రాసుకున్న వివరాలవి. మన దేశం తరఫున అందులో ఢిల్లీ పిల్లలున్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలలకే వచ్చినవాళ్లున్నారు, 9.2 నెలల దాకా రానివాళ్లూ ఉన్నారు. దోగాడటం 5.2 నుంచి 13.5 నెలల మధ్య. పట్టు లేకుండా నడక 8.2 నుంచి 17.6 నెలల మధ్య. అంటే ఎనిమిదో నెల దాటగానే నడిచిన పిల్లా, ఏడాదిన్నర కావస్తుండగా నడిచిన పిల్లా ఇద్దరూ మామూలు పిల్లలే. నూటికి నలుగురైతే అసలు దోగాడనే లేదు. పిర్రల మీద జరిగో, నేరుగా లేచి నిలబడో ఆ మెట్టు దాటేశారు. 2022లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఇలాంటి తన జాబితాను సవరించినప్పుడు దోగాడటాన్ని అందులోంచి తీసేసింది కూడా.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ లెక్క ఇంకాస్త జరుగుతుంది. 40 వారాలకు రావలసిన బిడ్డ 32 వారాలకే వస్తే, వయసులోంచి ఆ 8 వారాలూ తీసేసి చూడాలి. ఇది తెలియక కుంగిపోయే ఇళ్లు చాలానే ఉంటాయి.

ఇంత తేడా ఎందుకు? మెదడులో ఏదో గడియారం ఉండి, టైము కాగానే ఒక్కో విద్య బయటికొస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఆ నమ్మకాన్ని కదిలించిన ప్రయోగం ఒకటి చెప్పుకోవాలి. అప్పుడే పుట్టిన బిడ్డను చంకల కింద పట్టుకుని పాదాలు నేలకు ఆనిస్తే, అడుగులేస్తున్నట్టు కాళ్లు కదుపుతుంది. రెండు నెలలు వచ్చేసరికి ఆ కదలిక మాయమవుతుంది. మెదడు ఎదిగి దాన్ని అణిచేసిందని పుస్తకాలు రాశాయి. 1980లలో అమెరికా శాస్త్రవేత్త ఎస్తర్ థెలెన్ అలా అడుగులు మానేసిన పిల్లల్ని కాళ్లు మునిగేలా గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి చూశారు. అడుగులు తిరిగొచ్చాయి! ఇంకా అడుగులేస్తున్న పిల్లల కాళ్లకు చిన్న బరువులు కడితే తగ్గిపోయాయి. కారణం మెదడులో లేదు, తొడల్లో ఉంది. తొలి నెలల్లో కాళ్లకు కొవ్వు పట్టినంత వేగంగా కండబలం రాదు. బరువు మోయలేక ఆగిన అడుగు, నీళ్లు ఆ బరువును మోయగానే కదిలింది.

అంటే ఒళ్లు, బలం, మెదడు, నేల, ఎత్తుకునే చేతులు అన్నీ కలిస్తేనే ఒక విద్య. కెన్యాలోని కిప్సిగిస్ తెగలో తల్లులు బిడ్డలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. వాళ్ల పిల్లలు ఆ రెండూ అమెరికా పిల్లల కన్నా ముందే నేర్చుకుంటారని చార్లెస్ సూపర్ 1976లో చూపించారు. మనింట్లో అమ్మమ్మ కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద బోర్లా వేసి, నూనె మర్దనా చేసి నీళ్లు పోసేటప్పుడు ఆ పసిమెడ ఎన్నిసార్లు పైకి లేస్తుందో గమనించండి. ఆ కాసేపూ మెడకూ వెన్నుకూ మంచి కసరత్తు. వాకర్ అలా కాదు. మేనమామ ముచ్చటపడి కొనితెచ్చే ఆ చక్రాల బండి నడక నేర్పదు, పైగా మెట్ల మీద నుంచి దొర్లిస్తుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఇంట్లో ఉంటే తీసేయమనే నా మనవి.

అసలు సంగతి ఇక్కడి నుంచి. బిడ్డకు ఒక విద్య వచ్చిందంటే పని పూర్తయిందని మనం సంబరపడతాం. కేరెన్ అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త పరిశోధన దీన్ని తలకిందులు చేసింది. ఆమె వాలును మార్చుకోగలిగే ఒక బల్ల కట్టించి, పై అంచున పిల్లల్ని ఉంచి, కింద తల్లిని నిలబెట్టి పిలిపించారు. దోగాడటం కొత్తగా వచ్చిన పిల్లలు 36 డిగ్రీల ఏటవాలు మీద కూడా తటపటాయించకుండా తల ముందుగా దిగబోయారు. పక్కన కాచుకున్న మనిషి పట్టుకోవాల్సి వచ్చింది. వారాల తరబడి దోగాడి అనుభవం వచ్చాక అదే పిల్లలు అంచు దగ్గర ఆగి, చేత్తో తడిమి, దిగలేమనిపిస్తే వెనక్కి తగ్గారు. ఇంతవరకూ మనం ఊహించేదే. తర్వాతది ఊహించం. ఆ తెలివైన పిల్లలే నడక మొదలుపెట్టగానే మళ్లీ మొదటికొచ్చారు. దోగాడుతూ ఆగిన వాలు మీదే, నిలబడి నడుస్తూ పడబోయారు. దోగాడి నేర్చిన జాగ్రత్త నడకకు అక్కరకు రాలేదు. అడాల్ఫ్ బృందమే 2012లో మరో లెక్క ప్రచురించింది. 12 నుంచి 19 నెలల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారు, 17 సార్లు పడతారు. అరిసెలు పంచిన రోజు ఈ చదువుకు అక్షరాభ్యాసం మాత్రమే.

కొత్త విద్య వస్తే జాగ్రత్త మళ్లీ మొదటికొస్తుంది. పసిపిల్లలతో కొత్త చోటికి ప్రయాణానికి ఇంతకన్నా పనికొచ్చే సూత్రం నాకు తెలియదు. బిడ్డకు ఎన్నో నెల అని కాదు, నిన్నమొన్న ఏ విద్య వచ్చింది అని అడగాలి. కొత్త విద్యా, కొత్త చోటూ కలిసిన వారమే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన వారం. మన ఫ్లాట్‌లో నున్నటి నేల మీద దోగాడే బిడ్డకు ఊళ్లో తాతగారింటి ఎత్తు గడప, వాకిట్లో మూడు మెట్లు, పెరట్లో నీళ్ల తొట్టి, రెయిలింగు లేని డాబా ఏవీ తెలియవు. బోర్లా పడటం అప్పుడే వచ్చిన బిడ్డను మంచం మీద దిళ్ల మధ్య పడుకోబెట్టి పక్కకు వెళ్తే, దిళ్లు ఆపవు. కింద చాప పరిచి పడుకోబెట్టడం మేలు.

మన ఆచారం ప్రకారం మొదటి ప్రయాణం చాలామందికి పుట్టింటి నుంచి అత్తవారింటికి, మూడో నెలలోనో అయిదో నెలలోనో. అయిదో నెల మంచి ఎంపిక అంటాను. మన దేశ పట్టిక ప్రకారం 6, 10, 14 వారాల టీకాలు అప్పటికి పడిపోతాయి. మెడ నిలుస్తుంది, దోగాడే గొడవ ఇంకా ఉండదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే కాబట్టి సామానూ తక్కువ. మే నెల ఎండలో బెజవాడ నుంచి ఖమ్మం వెళ్తున్నా, ఆ వయసు బిడ్డకు మంచినీళ్లు పట్టక్కర్లేదు, పట్టకూడదు కూడా. దాహానికీ తల్లిపాలే, కాకపోతే ఇంకాస్త తరచుగా. పెద్దవాళ్లు ప్రేమతో నాలుక మీద రాసే తేనె ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషం తయారు చేస్తాయి. డబ్బా పాలు తప్పనిసరైతే, మరిగించిన నీళ్లు 70 డిగ్రీల కన్నా చల్లారకముందే పొడి కలిపి, ఆ తర్వాత చల్లార్చి పట్టాలి.

కారులో బిడ్డను ఒళ్లో పెట్టుకోవడమే క్షేమమని మనకు గట్టి నమ్మకం. ఒక్కసారి లెక్క వేద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. గుద్దుకుని సెకనులో పదో వంతులో కారు ఆగిపోతే, 8 కిలోల బిడ్డను ఆపడానికి ఆ చేతులు సుమారు 110 కిలోల బరువును పట్టుకున్నంత బలం చూపాలి. ఏ తల్లి చేతులూ ఆపలేవు. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా బిగించే పసిపిల్లల సీటు ఇందుకే. పసిబిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. ఆ బరువు ముందుకు ఊగితే లేతమెడ తట్టుకోలేదు. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ వీపంతా పరుచుకుంటుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టుతోనో తగిన సీటులోనో కూర్చోబెట్టాలని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది. బైకు మీద నాలుగేళ్లలోపు పిల్లలకు నడుపుతున్నవారికి కట్టే బెల్టు, 9 నెలలు దాటితే హెల్మెట్ ఉండాలనీ, వేగం 40కి మించకూడదనీ 2022లో నియమం వచ్చింది. 9 నెలలు నిండని బిడ్డను బైకెక్కించకపోవడమే నా సలహా.

తిరుమల ఘాట్ రోడ్డులో తల్లికి కడుపులో తిప్పుతుంటే ఒళ్లో బిడ్డ హాయిగా నిద్రపోతుంది. రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణపు వాంతులు అరుదు.

రైలు అయితే పసిపిల్లలకు దయగల వాహనం అనుకుంటాను. లేచి తిరగొచ్చు, ఊపు ఒకేలా ఉంటుంది. కింది బెర్తుకు ఆనించి బిగించే చిన్న బేబీ బెర్తును 2022 మే నెలలో లక్నో మెయిల్‌లో ప్రయోగాత్మకంగా పెట్టారు. మన రైళ్లన్నిటిలోనూ అలాంటిది ఉంటే ఎంత బాగుండును! పది నెలల బిడ్డతో పగటి పూట స్లీపర్‌లో వెళ్లి చూడండి. కిటికీ ఊచ పట్టుకుని నిలబడుతుంది, ఎడమ కాలు పక్కకు వేస్తుంది, కుడి కాలు దాని దగ్గరికి లాక్కుంటుంది, తర్వాతి ఊచ అందుకుంటుంది. రైలు కుదిపినప్పుడల్లా మోకాళ్లు కాస్త వంచి మళ్లీ నిలదొక్కుకుంటుంది. పక్కన ఒక చెయ్యి అడ్డం పెట్టి, మిగతాది దాన్నే చూసుకోనివ్వాలి.

విమానంలో బాధ చెవిది. గొంతునూ చెవినీ కలిపే గొట్టం పసిపిల్లల్లో పొట్టిగా, సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. దిగేటప్పుడు బయటి గాలి ఒత్తిడి పెరిగి కర్ణభేరి లోపలికి నొక్కుకుపోతుంది. మింగినప్పుడల్లా ఆ గొట్టం తెరుచుకుంటుంది కాబట్టి, దిగడం మొదలైనప్పుడు పాలివ్వాలి. నేలను తాకడానికి అరగంట ముందు నుంచే దిగడం మొదలవుతుంది, చివరి నిమిషం దాకా ఆగొద్దు. అమెరికా నుంచి బిడ్డను తెచ్చేవాళ్లు తట్టు టీకా గురించి డాక్టరును ముందే అడగాలి. అక్కడ మామూలుగా ఏడాది నిండాక వేస్తారు కానీ, వేరే దేశానికి వెళ్లే 6 నుంచి 11 నెలల పిల్లలకు ముందే ఒక డోసు వేయమని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రమే చెబుతోంది.

తీరా ఊరు చేరాక ఏడుపు. ఎనిమిది తొమ్మిది నెలల మధ్య బిడ్డకు ముఖాలు బాగా గుర్తుంటాయి. తెలిసిన ముఖమేదో, తెలియనిదేదో తేల్చుకుంటుంది. అందుకే ఏడాదంతా ఎదురుచూసిన నానమ్మ చేతులు చాపితే అమ్మ మెడ కరుచుకుపోతుంది. "కొత్త, నానమ్మా, ఓ నాలుగు రోజులు పోనీ" అని సర్దిచెప్పడమే. నొచ్చుకోవాల్సిన పనిలేదు, తెలివి పెరిగిందనడానికి అది గుర్తు. అమ్మ ఒళ్లో ఉండగానే నానమ్మ పక్కన కూర్చుని మాట్లాడితే దారి సులువవుతుంది. అమెరికా నుంచి వచ్చిన బిడ్డకు రాత్రిళ్లు ఆటలు, పగలు నిద్ర కొన్నాళ్లు తప్పదు. పొద్దుటి వెలుతురులో వాకిట్లో తిప్పితే ఒంటి గడియారం త్వరగా సర్దుకుంటుంది.

ఆ వయసులో ఊరికి తీసుకురావడం వల్ల ఒక పెద్ద లాభముంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో కెనడాలో ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలకు హిందీలోని త, ట ధ్వనులు వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లలు తేడా పట్టారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి దాదాపు పట్టలేకపోయారు. రోజూ వినని ధ్వనులకు చెవి మొద్దుబారుతోందన్నమాట. మన త, ట కూడా అంతే కదా. 2003లో ప్యాట్రిషియా కూల్ బృందం 9 నెలల అమెరికా పిల్లలతో చైనా భాష వాళ్లు 12 విడతలు ఆడి మాట్లాడేలా చేసింది. ఆ పిల్లలకు చైనా ధ్వనుల తేడా నిలిచింది. అవే మాటలు రికార్డు చేసిన వీడియోలో చూసినవాళ్లకు ఏమీ రాలేదు. టీవీ పాటలు చేయలేని పని, ఎదురుగా కూర్చుని "తాతేడీ? టాటా చెప్పు" అనే మనిషి చేస్తారు. డాలస్ బిడ్డకు నెల రోజుల తెనాలి దొరుకుతుందంటే, ఏడుపులకు భయపడి మానుకోవద్దని చెబుతాను.

కొత్త చోట బిడ్డ రెండు మూడు రోజులు దోగాడకుండా ఒళ్లోనే కూర్చుంటే కంగారు వద్దు. కానీ వచ్చిన విద్య పూర్తిగా పోయి తిరిగి రాకపోతే, నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోతే, ఒక చెయ్యే వాడుతుంటే, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోతే, చప్పుళ్లకు తిరగకపోతే, ఏడాది దగ్గరపడినా పేరు పిలిస్తే చూడకపోతే, ప్రయాణం మీదకు నెట్టకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేక కేంద్రాలు పెట్టారు. అంగన్‌వాడీ కార్యకర్తనో ఆశా కార్యకర్తనో అడిగితే అక్కడికి ఎలా వెళ్లాలో చెబుతారు.