రోషమా, పంతమా?

పోయిన ఏడాది మా అబ్బాయి బడి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వాడు తోటి పిల్లవాణ్ణి నెట్టాడనీ, ఈమధ్య ‘అగ్రెసివ్’గా ఉంటున్నాడనీ దాని సారాంశం. సాయంత్రం కూర్చోబెట్టి అడిగాను. “నాకు పెట్టింది తాతయ్య పేరే కదా నాన్నా. రోజూ దాన్ని వంకరగా పలికి నవ్వుతున్నాడు. ఆ రోజు ఊరుకోలేకపోయాను” అన్నాడు. నెట్టడం తప్పే. కానీ దాన్ని మన భాషలో దూకుడు అనరు, రోషం అంటారు.

నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాదు, ఇంజనీరింగు చదివి ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. అయినా ఆ రాత్రి ఈ మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. దూకుడుకి కారణం అక్కర్లేదు. అది ముందుకు ఉరకడం. రోషానికి ఎదుటివాడి మాట ఒకటి గుచ్చుకోవాలి. సంస్కృతంలో రోషమంటే వట్టి కోపమే. తెలుగులోకి వచ్చాక దానికి అభిమానం తోడైంది. “నీకు రోషం లేదూ?” అని మనం అడిగేది కోపం లేనివాణ్ణి కాదు, అవమానం తగలనివాణ్ణి. ఆ రోషం చేతల్లోకి దిగితే పౌరుషం.

పట్టుదల పని మీద, పంతం మనిషి మీద. పరీక్ష ప్యాసయ్యేదాకా చదివితే పట్టుదల. పక్కింటివాడికంటే ఒక మార్కు ఎక్కువ రావాలని చదివితే పంతం. తప్పని తెలిసినా వదలకపోతే మొండితనం. ఇక కక్ష నిలవ సరుకు. ఉపగ్రహం తిరిగేది కక్ష్య, మనిషి మోసేది కక్ష. రెండూ ఒకచోటే గిరగిరా తిరుగుతాయి!

కొన్ని మాటలు బయటినుంచి వచ్చాయి. సవాలు అరబ్బీలో ప్రశ్న. మన దగ్గర తొడగొట్టడమైంది. పేచీ అంటే మొదట మెలిక. తెలంగాణలో లడాయి ఉర్దూ నుంచి వచ్చింది.

పంతం ఎందాకా వెళుతుందో పల్నాటి కథ చెబుతుంది. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ మధ్య కోడిపందెం. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలని షరతు. పోటీ పుంజులది, పంతం మనుషులది. చివరికి కారెంపూడి దగ్గర యుద్ధంలో రెండు పక్కలా వీరులు నేలకొరిగారు. ఆ సీమ 2022లో పల్నాడు జిల్లా అయింది. కారెంపూడిలో ఆ వీరులకు ఇప్పటికీ ఏటా ఉత్సవం చేస్తారు.

మేముంటున్న డబ్లిన్ కూడా తక్కువ తినలేదు. ఇక్కడ డానీబ్రుక్ అనే పేట ఉంది. 1204లో రాజుగారి అనుమతితో మొదలైన అక్కడి సంత, తాగుడుకీ తన్నులాటలకీ పేరుమోసి, 1855లో మూతపడింది. సంత పోయినా పేరు మిగిలింది. ఇంట్లో గొడవైతే మనం ‘కురుక్షేత్రం’ అన్నట్టే, ఇంగ్లీషులో ఎక్కడ పెద్ద కొట్లాట జరిగినా ‘డానీబ్రుక్’ అంటారు. వచ్చిన కొత్తలో, మేనేజరు ‘గివింగ్ అవుట్’ అని సహోద్యోగి చెబితే ఏదో పంచిపెడుతున్నాడు కాబోలని వెళ్లాను. ఇక్కడ దానర్థం చీవాట్లు పెట్టడమని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

మర్నాడు బడికి వెళ్లి టీచరుతో, నెట్టినందుకు మావాడు క్షమాపణ చెబుతాడనీ, ఆ పేరు వాడి తాతదనీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. రెండోవాడితో మా అబ్బాయి పేరు సరిగ్గా పలికించారు. ఉత్తరంలోని ఆ ఒక్క మాట పట్టుకుని నేనూ ఇంట్లో కేకలు వేసి ఉంటే, వాడు తనని తాను అలాగే అనుకునేవాడు. పిల్లల కోపానికి సరైన పేరు పెట్టడం కూడా పెంపకంలో భాగమేనని అప్పుడనిపించింది.

నా కాగితం చదివి మా అబ్బాయి ఒకటే అడిగాడు: “మరి నువ్వు పెదనాన్నతో మాట్లాడకపోవడం ఇందులో ఏది?”

ఇంటి వాటా గురించి అన్నయ్య అన్న మాటకి నాకు వచ్చింది రోషమే. కానీ రోషం రెండేళ్లు నిలవదు. ఇప్పుడు మిగిలింది పంతం. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే కక్ష. మనవాళ్లు ‘పట్టువిడుపు’ అని రెంటినీ కలిపి ఒకే మాట చేశారు. నేను మొదటి సగమే నేర్చుకున్నట్టున్నాను.

ఆదివారం అక్కడ పొద్దుపోకముందే అన్నయ్యకి ఫోను చేశాను.