నడచువారికై నిలిచిన వనములు

అమెరికా దేశమునుండి తిరిగివచ్చిన పెద్దలను "ఏమేమి చూచితిరి?" అని అడిగినచో, ఆకాశమునంటు మేడలను, విశాలమైన అంగళ్లను వర్ణించి చెప్పుదురు. తెలుగు కుటుంబములు అనేకము నేడు అచ్చట స్థిరపడియున్నవి. బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులు నెలల తరబడి అచ్చటనే గడపుచున్నారు. వారు కాలినడకన తిరిగి ఆనందింపదగిన కొండలును, లోయలును, సెలయేళ్లును ఆ దేశమున ఎన్నియో కలవు.

అట్టి తావులలో పెక్కింటిని ‘స్టేట్ పార్కు’ లందురు. పార్కు అనగానే మనకు పూలమడులు, సిమెంటు బల్లలు స్ఫురించును. ఇవి అట్టివి కావు, సహజమైన వనములు. నేషనల్ పార్కులను కేంద్ర ప్రభుత్వము పాలించగా, వీనిని ఆయా రాష్ట్రములే పాలించును. 50 రాష్ట్రములందును ఇవి కలవు. వానిలో మాకు ప్రియమైన నాలుగింటిని గూర్చి ఇచ్చట ముచ్చటింతుము. ఆ దృశ్యములు ప్రజలకు దక్కిన తీరు కూడ తెలిసికొనదగినదే.

నయాగరా జలపాతమును ఎఱుగనివారుండరు. అదియును న్యూయార్కు రాష్ట్రపు వనమే. 19వ శతాబ్దమున ఆ యొడ్డునంతటను మిల్లులు, కంచెలు క్రమ్ముకొనినవి. రుసుము చెల్లింపక జలపాతమును చూచుటకు అమెరికా వైపున జానెడు చోటు లేకపోయెను. ఉద్యానశిల్పి ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ మున్నగువారు ఏండ్ల తరబడి ఆందోళన సలిపిరి. తుదకు 1885లో రాష్ట్రము ఆ భూములను స్వాధీనము చేసికొని ప్రజలపరము గావించెను. నడచి వచ్చువారికి నేటికిని అచ్చట ప్రవేశ రుసుము లేదు. జనసమ్మర్దమును విడిచి గోట్ ఐలాండు చెట్లనీడకు పొండు; నదీఘోషము ఇరువైపులనుండియు వినవచ్చును.

అదే రాష్ట్రమున సెనెకా సరస్సు దక్షిణాగ్రమున వాట్కిన్స్ గ్లెన్ కలదు. మంచుయుగమున హిమానీనదములు సరస్సు లోయను లోతుగా దొలిచివేయగా, ప్రక్కనుండి వచ్చు చిన్న యేఱు ఎత్తుననే మిగిలిపోయినది. అది క్రిందికి దిగుటకై రాతిని కోయసాగెను. మెత్తని పొరలు త్వరగాను, గట్టి పొరలు మెల్లగాను అరుగుటచే జలపాతములు వరుసగా ఏర్పడినవి. 2 మైళ్ల దూరములో ఏఱు 400 అడుగులు దిగును. ఆ నడుమ 19 జలపాతములు! ఇరుప్రక్కల 200 అడుగుల రాతిగోడలు, వాని నడుమ 800లకు మించిన మెట్లు. రెండు చోట్ల త్రోవ జలధార వెనుకగా సాగును. మేము తోలుచెప్పులతో ఎక్కి, తడిరాళ్లపై జారుచు పిల్లల నవ్వులకు గుఱియైతిమి. జారని బూట్లు తొడుగుకొని పోవలెను. శీతకాలమున ఈ త్రోవను మూసివేయుదురు. 1863 నుండి ఇది సొంతదారుల చేతిలోని యాత్రాస్థలము. 1906లో రాష్ట్రము దీనిని కొనెను.

ఆ 1906లోనే ఒక వర్తకుని దానమువలన మఱియొక వనము ప్రజలకు దక్కెను. బఫెలో నగరమునకు చెందిన విలియం ప్రయర్ లెచ్‌వర్త్ జెనెసీ నది యొడ్డున భూములను కొని, చెట్లు నాటించి, తన నివాసముగా పెంచుకొనెను. విద్యుత్తు కొఱకు ఆ నదికి ఆనకట్ట కట్టవలెనను ప్రయత్నములు సాగగా, ఆ లోయ మునిగిపోకుండ 1,000 ఎకరములను రాష్ట్రమునకు దానమిచ్చెను. నేడు లెచ్‌వర్త్ వనమున మూడు పెద్ద జలపాతములును, 66 మైళ్ల కాలిబాటలును కలవు. లోయ గోడలు కొన్ని తావుల 600 అడుగుల యెత్తు. మోకాళ్ల నొప్పులున్నవారు రోడ్డు ప్రక్కనుండియే లోయను కన్నులార చూడవచ్చును. ఆకులు ఎఱ్ఱబాఱు అక్టోబరు దీనికి తగిన కాలము.

ఇక మెయిన్ రాష్ట్రము. అచ్చట 1921 నుండి 1925 వఱకు గవర్నరుగా నుండిన పెర్సివల్ బాక్‌స్టర్ కటాడిన్ పర్వతమును వనముగా కాపాడవలెనని కోరగా, శాసనసభ అంగీకరింపలేదు. పదవి వీడిన పిదప ఆయన 1930లో సొంత ధనముతో ఆ పర్వతమును కొని రాష్ట్రమునకిచ్చెను. అంతటితో నిలువక, 1962 వఱకు కొనుచు ఇచ్చుచునే వచ్చెను. ఆ దానము 2 లక్షల ఎకరములను మించినది. అది ఎల్లప్పుడును సహజారణ్యముగానే యుండవలెననునది ఆయన షరతు. అందుచే బాక్‌స్టర్ వనమున విద్యుద్దీపములు లేవు, కొళాయిలు లేవు. 5,267 అడుగుల కటాడిన్ శిఖరము నెక్కుటకు దినమంతయు పట్టును. అది యువకుల పని. పెద్దలు చెఱువుగట్ల వెంట నడచినను చాలును. అదృష్టముండిన మూస్ అను పెద్ద దుప్పి నీట మేయుచు కనబడును. వేసవిలో పర్వతపు దారులకు పోవువారు కారు నిలుపు చోటును ముందుగా కోరి ఉంచుకొనవలెను.

ఒక తావు ప్రజల ఆందోళనవలన, ఒకటి కొనుగోలువలన, రెండు దానమువలన నిలిచినవి. ఆ నిర్ణయములు జరుగకయుండిన నేడు మనము అచ్చట కంచె రంధ్రములగుండ తొంగి చూచుచుండెడివారము.

ఈ యేడు అమెరికా ప్రయాణము తలపెట్టిన శ్రోతలు తమ బిడ్డలతో ఒక్కమాట చెప్పవలెనని మా కోరిక. అంగడికి మఱియొకనాడు పోవచ్చును. ఒక ఆదివారమున పులిహోర మూటకట్టుకొని, నీళ్లు తీసికొని, ప్రవేశద్వారముకడ దారిపటము నడిగి, సమీపమున నున్న రాష్ట్ర వనమునకు పొండు. చీకటి పడకముందే మరలిరండు. విస్తరాకు ముక్కయైనను అచ్చట విడువకుడు.