ఆదివారం చదువు... పట్టా విలువెంత?

వారమంతా ఉద్యోగం. సెలవు రోజున క్లాసు. రెండేళ్లు ఇలా కష్టపడి తెచ్చుకున్న ఎం.ఏ. పట్టా రేపు ఎక్కడైనా చెల్లుతుందా? కరవు సీమలో ఎంతోమంది ఉద్యోగులను వేధించే ప్రశ్న ఇది.

దూరవిద్య కాంటాక్టు క్లాసులున్న ఆదివారం పొద్దున్నే అనంతపురం ఆర్టీసీ బస్టాండులో కాసేపు నిలబడి చూడండి. కళ్యాణదుర్గం, మడకశిర, ఉరవకొండ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతుంటాయి. భుజాన సంచీ, సంచీలో లాంగ్‌నోట్‌బుక్కు, ఓ నీళ్ల సీసా. దిగేవాళ్లలో ఊరి బడి పంతులు ఉంటారు, అంగన్‌వాడీ టీచరమ్మ ఉంటుంది, బ్యాంకు గుమస్తా ఉంటాడు. గబగబా ఓ ప్లేటు ఉగ్గాని బజ్జీ తినేసి ఆటో ఎక్కేస్తారు. సాయంత్రం చివరి బస్సు తప్పిపోతే ఆ రాత్రి చుట్టాల ఇల్లే గతి!

వీళ్లెందుకు చదువుతున్నారో వేరే చెప్పాలా? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని శనక్కాయ వేసే నేల ఇది. నాలుగేళ్లలో ఒక్క పంట చేతికొచ్చినా గొప్పే. ఇలాంటి చోట ఇంట్లో ఒక్కరికి నెల జీతం వస్తుంటే ఆ కుటుంబానికి అదే వర్షం. ఆ జీతం మరో మెట్టు ఎక్కాలంటే పీజీ కావాలి. ఉద్యోగం మానేసి రెండేళ్లు హాస్టల్లో ఉండి చదవడం కుదిరే పని కాదు.

అనంతపురానికి చదువు కొత్తేమీ కాదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ 1916లో దత్తమండలాల కాలేజీగా మొదలైంది. శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1968లో ఇక్కడ పీజీ కేంద్రం పెట్టింది. అదే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. రెగ్యులర్ కోర్సులతో పాటు దూరవిద్యా కేంద్రాన్నీ నడిపింది. మన రాష్ట్రంలో ఈ బాట ఇంకా ముందే పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు తెచ్చింది. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి.రాంరెడ్డే ఆ తర్వాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అంటే దూరవిద్యలో దేశానికి దారి చూపింది మనవాళ్లే!

మరి ఆ పేరు మధ్యలో ఎందుకు చెడింది?

బోర్డుల కాలం

రెండువేల సంవత్సరం తర్వాతి రోజులు గుర్తు తెచ్చుకోండి. ఏ సందులో చూసినా 'స్టడీ సెంటర్' బోర్డే. 'పది తప్పారా? నేరుగా డిగ్రీ!' అని గోడల మీద రాతలు. కింద టైపు ఇన్‌స్టిట్యూటు, మేడ మీద యూనివర్సిటీ. ఎక్కడో వేరే రాష్ట్రంలోని సంస్థ ఇక్కడ కేంద్రం తెరిచి ఫీజు వసూలు చేసుకునేది. దరఖాస్తు ఇచ్చినవాడికీ, పుస్తకం రాసినవాడికీ, పేపరు దిద్దినవాడికీ ఒకరితో ఒకరికి సంబంధం ఉండేది కాదు.

ఆ లెక్క చివరికి ఎవరి మెడకు చుట్టుకుంది? విద్యార్థి మెడకే. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే ఉదాహరణ. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు సరైన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ పట్టాలు ఇచ్చేశాయి. 2001-05 మధ్య చేరినవారి పట్టాలను కోర్టు పక్కన పెట్టించింది. సాంకేతిక విద్యామండలి పరీక్ష పాసైతేనే అవి చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవారి పట్టాలైతే రద్దే. ఆ పట్టా చూపించి ప్రమోషన్ తెచ్చుకుని, పిల్లల పెళ్లిళ్ల వయసుకు వచ్చాక మళ్లీ పరీక్ష రాయమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తప్పు చేసింది సంస్థ, హాలుటికెట్టు మాత్రం ఉద్యోగికి!

రోజుకు మూడు గంటలు

ఇప్పుడు నిబంధనలు బిగుసుకున్నాయి. 2013లో దూరవిద్యా మండలిని రద్దు చేసి ఆ బాధ్యతను యూజీసీకి అప్పగించారు. 2017లో, మళ్లీ 2020లో నిబంధనలు వచ్చాయి. ఫ్రాంచైజీ కేంద్రాలు కుదరవు. రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్య కేంద్రాలను రాష్ట్రం దాటి పెట్టకూడదు. పరీక్షలకు 70 శాతం, అసైన్‌మెంట్ల వంటివాటికి 30 శాతం మించకుండా మార్కులు. ప్రతి సంస్థలోనూ అంతర్గత నాణ్యతా కేంద్రం ఒకటి ఉండి తీరాలి. ఏటా అది నివేదిక ఇవ్వాలి, దాన్ని వెబ్‌సైటులో అందరికీ కనబడేలా పెట్టాలి.

కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ ఓ చిన్న లెక్క వేద్దాం. ఈ నిబంధనల ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. రెండేళ్ల ఎం.ఏ.కు 80 క్రెడిట్లు అనుకుంటే 2400 గంటలు. అంటే పండగా పబ్బం లేకుండా రోజుకు మూడు గంటల పైనే! బడి వదిలి, బస్సెక్కి ఇంటికొచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టే టీచరమ్మకు ఆ మూడు గంటలు ఏ రాత్రి దొరుకుతాయి? పుస్తకం ఎంత బాగుంటే ఆ మూడు గంటల పని రెండు గంటల్లో తెములుతుందన్నది అందుకే అసలు ప్రశ్న.

ఇక్కడ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాల మాట చెప్పుకోవాలి. గ్రూప్స్‌కు తయారయ్యేవాళ్లు ఆ కోర్సులో చేరకపోయినా ఆ పుస్తకాలు వెతుక్కుని కొంటారు. ఎందుకంటే అవి ఒక్కరు రాసి పడేసినవి కావు. ఒకరు రాస్తే మరొకరు సంపాదకత్వం వహిస్తారు. ఎవరు రాశారో, ఎవరు దిద్దారో మొదటి పేజీల్లోనే పేర్లుంటాయి. పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు మనిషి జాగ్రత్తగా రాస్తాడు మరి!

పుస్తకాల సంగతి సరే, అసైన్‌మెంటే అన్నిటికన్నా పెద్ద చిక్కు. నా సొంత గోడు ఒకటి చెప్పనివ్వండి. నేనూ దూరవిద్యలోనే పీజీ చేశాను. సంస్థ పేరెందుకులెండి. పుస్తకాలు పరీక్షలకు పదిహేను రోజుల ముందు వచ్చాయి. అసైన్‌మెంట్లు మాత్రం రాత్రుళ్లు కూర్చుని శ్రద్ధగా రాసిచ్చాను. అవి తిరిగి రాలేదు. మార్కులు వచ్చాయి, నాకూ, నా పక్కన కూర్చుని నాదే చూసి రాసినాయనకూ ఒకటే మార్కు! ఏం తప్పు రాశానో ఇప్పటికీ తెలియదు. రెగ్యులర్ విద్యార్థికైతే వరండాలో ఎదురుపడిన మాస్టారు చెబుతారు. దూరవిద్య విద్యార్థికి ఆ వరండా ఎర్ర సిరాతో రాసిన నాలుగు ముక్కలే. అవి లేకపోతే ఎన్ని నివేదికలున్నా నాణ్యత ఉన్నట్టు కాదని నా ఉద్దేశం.

టైమూ ముఖ్యమే. ఖరీఫ్ శనక్కాయ పీకేది అక్టోబరు, నవంబరులో. సరిగ్గా అప్పుడే కాంటాక్టు క్లాసులు పెడితే బెంచీలు ఖాళీగానే ఉంటాయి. తర్వాత నివేదికలో 'విద్యార్థులకు ఆసక్తి లేదు' అని రాసేస్తారు! ఎవరు మానేశారు, ఎప్పుడు మానేశారు, ఏ పేపరు దగ్గర ఆగిపోయారు అని ఫోన్ చేసి అడిగితే సగం జవాబులు దొరుకుతాయి. దీనికి పెద్ద కంప్యూటర్లు కూడా అక్కర్లేదు, ఒక గుమస్తా, ఒక రిజిస్టరు చాలు.

చేరేముందు...

మీ ఇంట్లో ఎవరైనా ఇలా చదవాలనుకుంటున్నారా? యూనివర్సిటీ పేరు పెద్దదని చూసి ఫీజు కట్టేయకండి. అనుమతి సంస్థకొక్కదానికే కాదు, కోర్సు కోర్సుకూ విడిగా ఉంటుంది. ఎం.ఏ. తెలుగుకు ఉండి ఎం.కాం.కు ఉండకపోవచ్చు. మీరు చేరే విద్యాసంవత్సరానికి ఆ కోర్సు పేరు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఆ పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం లాంటివి దూరవిద్యలో ఇస్తామని ఎవరైనా అంటే అక్కడితో లేచి వచ్చేయండి.

పనిలో పనిగా ఆ సంస్థ నాణ్యతా కేంద్రం నివేదిక కూడా తెరిచి చూడండి. అసలు దొరక్కపోతే అదీ ఒక సమాధానమే. దొరికితే, పాత విద్యార్థిని ఒకర్ని పట్టుకుని ఒక్క మాట అడగండి... 'మీ అసైన్‌మెంటు మీకు తిరిగొచ్చిందా?' అని.